పని పక్కన పిల్లకో పీట

ఇంట్లోనే అమరే స్పర్శ ఆటలు: కాణిపాకం పల్లెలను ముందుంచుకుని ఒక సమీక్ష

నడక నేర్చిన బిడ్డ ముట్టుకోని వస్తువంటూ ఇంట్లో ఉండదు. తడి గోడను రాస్తుంది, వాకిట్లో ముగ్గు చెరుపుతుంది, సంగటి ముద్దలో వేళ్లు గుచ్చుతుంది, గంపలోని కొబ్బరి పీచు పీకుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు ఇది దినచర్య. కొన్నేళ్లుగా దీనికి ‘సెన్సరీ ప్లే’ అని పేరొచ్చింది. పేరుతోపాటు సరుకూ వచ్చింది. రంగులద్దిన బియ్యం, మెరుపు ఇసుక, జెల్లీ పూసలు నింపిన పెట్టెలు చిత్తూరు, తిరుపతి దుకాణాల దాకా చేరాయి. ఫోన్లో వీడియో చూసి ఆ పెట్టె కొనాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు పల్లెల్లోనూ ఉన్నారు.

వాళ్ల ముందున్న ప్రశ్నలు నాలుగు. ఈ ఆటల వల్ల నిజంగా మేలుందా? ఉంటే ఎంత? వాటికి కావలసినవి కొనాలా, ఇంట్లోనే ఉన్నాయా? ఎక్కడ ప్రమాదం పొంచి ఉంది? చిత్తూరుకు పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకాన్నీ దాని చుట్టుపట్ల పల్లెలనూ ముందుంచుకుని ఈ ప్రశ్నలను వరసగా చూద్దాం. నేను చేరిన నిర్ణయం ముందే చెబుతాను. చెరకు, చెనిక్కాయ, మామిడి, రాగి పండే ఈ నేలలో ఇంటి పనులే స్పర్శ ఆటల బడి. బిడ్డకు ఆ పని పక్కన ఒక చోటు కావాలి, మాట్లాడుతూ పక్కన కూర్చునే ఒక మనిషి కావాలి. ఈ రెండూ ఉన్నచోట కొన్న పెట్టె అవసరం రాదు. ఈ రెండూ లేనిచోట ఏ పెట్టే అక్కరకు రాదు.

చెయ్యి ఎలా తెలుసుకుంటుంది

ఇంద్రియాల్లో మొదట మేలుకునేది స్పర్శ. గర్భంలో దాదాపు ఎనిమిదో వారానికే పెదవుల చుట్టూ తాకిడికి స్పందన కనిపిస్తుంది. అరచేతుల్లో, వేళ్ల కొసల్లో, పెదవుల మీద, నాలుక మీద స్పర్శను పట్టే నాడీ కొసలు దట్టంగా ఉంటాయి. చిన్నపిల్లలు దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. వాళ్లకు నోరు కూడా ఒక చెయ్యే. వేడినీ ఒత్తిడినీ శరీరం ఏ అణువుల ద్వారా పసిగడుతుందో కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెం పాటపూటియన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

తాకడమంటే ఒకే పని కాదు. 1987లో సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్జ్‌కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేతి కదలికలను వేరుచేసి చూపారు. గరుకా నునుపా అని తెలియాలంటే వేళ్లతో అటూ ఇటూ రాస్తాం. మెత్తనా గట్టా అని తెలియాలంటే నొక్కుతాం. చల్లదనం, వెచ్చదనం తెలియాలంటే కదల్చకుండా చెయ్యి ఆనిస్తాం. బరువు తెలియాలంటే ఎత్తి పట్టుకుంటాం. పరిమాణం తెలియాలంటే గుప్పిట మూస్తాం. ఆకారం తెలియాలంటే అంచు వెంబడి వేలు పోనిస్తాం. ఈ ఆరు కదలికలకూ చోటిచ్చే ఆటే నిండైన స్పర్శ ఆట. ట్రే నిండా బియ్యం పోసి కూర్చోబెడితే వీటిలో ఒకటో రెండో జరుగుతాయి, అంతే.

చేతితో తెలిసింది కంటికీ తెలుస్తుందా అన్నది పాత ప్రశ్న. 1979లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, రిచర్డ్ బోర్టన్ నెల వయసు పసికందుల నోట్లో బొడిపెలున్న పీకనో, నున్నని పీకనో పెట్టి, తరవాత రెంటినీ చూపించారు. తాము చప్పరించినదాని వైపే పిల్లలు ఎక్కువ సేపు చూశారని వాళ్లు రాశారు. తరవాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఈ ఫలితం నిలకడగా రాలేదు. ఈ రంగంలో గొప్ప మాటలు చెప్పేటప్పుడు కాస్త నిదానం అవసరమని ఆ చరిత్ర హెచ్చరిస్తోంది.

చేతితో చదువు అనే ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కాదు. దక్షిణాది వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. 18వ శతాబ్దం చివర మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ ఆ పద్ధతిని చూసి, ఇంగ్లండు వెళ్లి దాన్ని ప్రచారం చేశాడు. అక్షరాభ్యాసంలో బియ్యం మీద వేలు పట్టి దిద్దించడం నేటికీ మన ఇళ్లలో ఉంది. గరుకు పలకలు, గరుకు కాగితపు అక్షరాలు పిల్లల చేతికిచ్చిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

పరిశోధన ఎంతవరకు తోడొస్తుంది

మేలు గురించిన ఆధారాలు రెండు రకాలు. మొదటివి చిన్నవి, నేరుగా స్పర్శ ఆటల మీద చేసినవి. 2014లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ పెర్రీ బృందం పదహారు నెలల పిల్లల ముందు పాయసం లాంటి, గంజి లాంటి పద్నాలుగు రకాల ముద్ద పదార్థాలు పెట్టి, వాటికి కొత్త పేర్లు చెప్పింది. తరవాత ఆకారం మార్చి చూపితే, అది ఏ పదార్థమో గుర్తుపట్టడంలో బాగా తడిమి, పూసుకుని, రుచి చూసిన పిల్లలే ముందున్నారు. భోజనం చేసే కుర్చీలో కూర్చున్న పిల్లలకు ఇది మరింత బాగా కుదిరింది. అక్కడ మురికి చేసుకోవచ్చని వాళ్లకు అలవాటుగా తెలుసు కదా. 2017లో ఇంగ్లండులో హెలెన్ కౌల్తార్డ్, ఆనెమరీ సీలీ 62 మంది మూడు, నాలుగేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, పండ్లూ కూరగాయలతో ఆడుకున్న పిల్లలు తరవాత వాటిని ఎక్కువ రకాలు రుచి చూశారు. ఊరికే చూసినవాళ్లూ, తిండికాని వస్తువులతో ఆడినవాళ్లూ అంతగా ముందుకు రాలేదు.

రెండో రకం ఆధారాలు పెద్దవి, ఏళ్ల తరబడి నడిచినవి. 1986–87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పిల్లలను తీసుకుంది. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికోసారి వెళ్లి, ఇంట్లో పారేసే డబ్బాలు, సీసాలు, గుడ్డలతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలను ఆడించారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక చూస్తే, ఇరవై ఏళ్ల తరవాత వాళ్ల సంపాదన మిగిలినవాళ్ల కన్నా 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో పాల్ గర్ట్లర్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు.

మన తెలుగు నేల మీదే ఇలాంటి పని జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం నల్లగొండ జిల్లాలో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలల దాకా ఆ పిల్లలను గమనించారు. కొన్ని పల్లెల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. కొన్నిచోట్ల అదనపు ఆహారం గురించి ఇంటికొచ్చి చెప్పారు. మిగిలిన పల్లెల్లో దానికి తోడు బిడ్డ ఆకలినీ అలకనీ గమనించి తినిపించడం, మామూలు బొమ్మలతో ఆడించడం కూడా నేర్పారు. మానసిక వికాసపు కొలతల్లో మామూలు సేవల పల్లెల కన్నా ముందున్నది ఈ మూడో బృందపు పిల్లలే.

ఈ రెండు పెద్ద అధ్యయనాలూ గరుకు, నునుపు ఆటలను విడదీసి కొలవలేదు. ఆట, మాట, తినిపించడం, తల్లి ధైర్యం అన్నీ కలిసి వచ్చిన ఫలితం అది. కాబట్టి ‘మూడు నెలలు ఇసుకలో ఆడిస్తే తెలివి పెరుగుతుంది’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కర్లేదు. జీన్ ఎయిర్స్ 1972లో పుస్తకంగా తెచ్చిన ‘ఇంద్రియ సమన్వయ’ సిద్ధాంతం మీద నడిచే చికిత్సల గురించి అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పిందీ ఇలాంటి జాగ్రత్త మాటే. వాటిని వాడవచ్చు గానీ, ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పాలి అని. ఇన్నిటినీ వడపోస్తే గట్టిగా నిలిచేది ఒకటుంది. పదార్థాన్ని చేత్తో ఎరిగిన బిడ్డ దాని పేరునూ రుచినీ త్వరగా అందుకుంటుంది. ఇంటి వస్తువులతో, పెద్దల మాటల మధ్య రోజూ సాగే ఆట బిడ్డ ఎదుగుదలకు గట్టి అండ.

అన్నంతో ఆటలా?

ఇక్కడ మన పెద్దవాళ్ల అభ్యంతరాన్ని తీసిపారేయకూడదు. కిలోల కొద్దీ బియ్యానికీ పప్పులకూ రంగులద్ది, ఆడించి, చెత్తబుట్టలో పోయడం చూస్తే అవ్వలు నొచ్చుకుంటారు. అన్నాన్ని పరబ్రహ్మం అన్న ఇల్లు అది. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత ఉంది. ఈ అంకెల ముందు తిండిని ఆటబొమ్మగా పారేయమని చెప్పే నోరు నాకు లేదు.

పని పక్కన ఆటకు ఈ చిక్కు లేదు. బిడ్డ పిసికిన పిండి ఆవిరికెక్కుతుంది, ఒలిచిన కాయ కూరలో పడుతుంది, కడిగిన ఆకుకూర పప్పులో ఉడుకుతుంది. అవ్వ నొచ్చుకోదు, తిండి వృథా కాదు. తాను చేసినది తాను తింటుంది కాబట్టి కౌల్తార్డ్ చూసిన మేలు కూడా దీనిలోనే దక్కుతుంది. ప్రత్యేకంగా అమర్చిన ట్రే కన్నా ఇంటి పనే మంచిదనడానికి నా మొదటి కారణం ఇదే.

ఆరు కదలికలు, మన ఇంటి వస్తువులు

రాయడంతో మొదలుపెడదాం. బీరకాయ పీచు, కొబ్బరి పీచు, గోనెసంచి ముక్క, పాత పట్టు చీర అంచు, నూలు తువ్వాలు, కొత్త చేట వెదురు అల్లిక: వీటిని అరచేయంత ముక్కలుగా కోసి, అంచులు మడిచి, గట్టి గుడ్డ మీద వరసగా కుడితే బిడ్డ కూర్చునే పరుపే స్పర్శ పటం అవుతుంది. బొంత కుట్టడం తెలిసిన అవ్వకు ఇది పూటలో తేలే పని. కాణిపాకం వినాయకుడి గుడిలో కొబ్బరికాయ కొట్టని రోజు లేదు కాబట్టి పీచుకు కొదవుండదు. దుమ్ము దులిపి, వేడినీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి వాడాలి.

నొక్కడానికి ఉండ్రాళ్ల పిండిని మించినది లేదు. మరిగే నీళ్లలో ఉడికిన బియ్యపు పిండి అది. గోధుమపిండి పచ్చిగా కలిపి ఇస్తే బిడ్డ తింటుంది. పచ్చి పిండిలో సూక్ష్మజీవులుండే అవకాశం ఉంది. ఉడికిన పిండికి ఆ భయం తక్కువ. గోరువెచ్చగా ఆరాక ఒక చిన్న ముద్ద చేతికిస్తే బిడ్డ నొక్కుతుంది, సాగదీస్తుంది, పీట మీద పరుస్తుంది. చల్లారిన రాగి సంగటి ముద్దకు ఇంకో గుణముంది. అది కాస్త జిగట, కాస్త బరక. నీళ్లలో తడిపిన వేలికి అంటదు, పొడి వేలికి అంటుతుంది. ఈ తేడాను బిడ్డ తనంతట తాను కనిపెట్టేదాకా ఆగితే చాలు.

చలికాలంలో చిత్తూరు జిల్లా ఇళ్లకు ప్రత్యేకమైన పని పితికిపప్పు. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ల మధ్య పితికితే తొక్క వదిలి పప్పు జారి బయటపడుతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఎంత బలం పెట్టాలో, ఎప్పుడు వదలాలో నేర్పే పని ఇంత తేలిగ్గా మరెక్కడా దొరకదు. అయితే గింజ చిన్నది, పచ్చిది తినరానిది. అందుకని రెండున్నరేళ్లు దాటిన బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన వేళ్ల మీద మన వేళ్లు వేసి, ఒక్కొక్క గింజే ఇవ్వాలి. గిన్నె పెద్దవాళ్ల వైపే ఉండాలి.

చెయ్యి ఆనించి తెలుసుకునే చల్లదనానికి నీళ్లు నింపిన మట్టికుండ, ఇత్తడి చెంబు, నాపరాయి గడప, ఎండలో కాసేపుంచిన చెక్క పీట చాలు. పలమనేరు మట్టిపని ఈ జిల్లాకు పేరు తెచ్చింది. అక్కడి చిన్న కుండ ఒకటి పక్కనే ఉంటే లోహానికీ మట్టికీ చలవలో తేడా బిడ్డకు చేతికందుతుంది. బరువుకు రెండు గుడ్డ సంచులు కుట్టి, ఒకదాన్లో బొరుగులు, ఒకదాన్లో రాగులు నింపి, నోరు రెండు వరసలు కుట్టేయాలి. సైజు ఒకటే, బరువు వేరు; నలిపితే ఒకటి కరకరలాడుతుంది, ఒకటి ఇసుకలా జారుతుంది. కుట్టు వదిలిందేమో రోజూ చూసుకోవాలి. గుప్పిట మూయడానికి కొబ్బరి చిప్ప, ఎండిన మామిడి టెంక. అంచు వెంబడి వేలు పోనివ్వడానికి చెంబు మూతి, చేట అంచు, వాకిట్లో బియ్యప్పిండితో వేసిన ముగ్గు గీత. మామిడి కాలంలో టెంకను బాగా కడిగి, సొన పోయేలా రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. సొన తగిలితే లేత చర్మం పొక్కుతుంది.

వినాయక చవితి: మట్టి, పత్రి, పరీక్ష

ఈ ఊళ్లో స్పర్శ ఆటల గురించి మాట్లాడుతూ చవితిని వదలలేం. కాణిపాకం వరసిద్ధి వినాయకుడికి చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు. పార్వతీదేవి నలుగుపిండిని చేత్తో ముద్దచేసి బాలుణ్ణి మలచిందని ప్రతి ఇంట్లో చదివే వ్రతకథ చెబుతుంది. పిండిని మలిచే చేతిని ఇంతకన్నా గౌరవించిన కథ మనకు లేదు. బంకమన్నుతో బొమ్మ చేసే ఇంట్లో బిడ్డకూ ఒక ముద్ద దక్కాలి. మన్ను చెరువులోదైనా పొలంలోదైనా మందులు కొట్టిన తోటలదీ, మరుగుదొడ్ల దరిదాపులదీ కాకూడదు. పై పొర తీసేసి లోపలి మన్ను తవ్వి, ఎండబెట్టి, దంచి, జల్లెడపట్టి, తాగే నీళ్లతో తడపాలి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బిడ్డ చేతికి అసలే వద్దు. నీళ్లు తగిలి గడ్డకట్టేటప్పుడు అది వేడెక్కుతుంది.

చవితి పూజకు తెచ్చే ఇరవై ఒక్క పత్రాలు ఈ నేలలో దొరికే స్పర్శ సంపదకు జాబితా లాంటివి. రావి ఆకు తోలులా నున్నగా ఉంటుంది, కొస తోకలా సాగుతుంది. రేగాకు పైన నునుపు, అడుగున నూగు. మాచిపత్రి మెత్తన, నలిపితే వాసన. ఉత్తరేణి గరుకు. గరిక సన్నగా, బిరుసుగా జారుతుంది. మామిడాకు మందం, అంచు అల. తులసి, మరువం వేళ్లకే కాక ముక్కుకూ పండగ. కానీ అదే బుట్టలో ఉమ్మెత్త ఉంది. అది నిలువెల్లా విషం. గన్నేరు ఆకు నమిలితే గుండె లయ తప్పుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వాకుడు, రేగు, మారేడు కొమ్మలకు ముళ్లున్నాయి. కాబట్టి పూజ బుట్టను బిడ్డకు అందనివ్వకుండా, గరిక, రావి, మామిడి, తులసి, మాచిపత్రి, మరువం, దానిమ్మ లాంటివి విడిగా ఏరి, కడిగి ఇవ్వాలి. దేవుడికి పనికొచ్చే ఆకులన్నీ బిడ్డ నోటికి పనికిరావు. ఈ ఒక్క విషయం ప్రతి ఇంటికీ తెలియాలి.

చెయ్యి దాటి నోటికి వెళ్లేవి

ఈ వయసు పిల్లల చేతికి వచ్చింది నోటికి వెళ్తుందని ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి. శ్వాసనాళంలో ఇరుక్కునే వస్తువుల్లో మన దేశపు ఆసుపత్రులు ఎక్కువగా చూసేది వేరుశనగ గింజనే. చెనిక్కాయలు కుప్పలుగా ఒలిచే ఈ ప్రాంతంలో అది నిత్యం పొంచి ఉన్న ప్రమాదం. నాలుగేళ్లు నిండేదాకా గుండు గింజ బిడ్డకు అందకూడదు. చింతగింజ, సీతాఫలం గింజ, శనగ, పూసలు, గుండీలు అదే కోవలోవి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు వాడే పరీక్ష గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా ప్రమాదమే. మన ఇంట్లో దీన్ని కొలవడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చేసిన చిన్న సున్నా చాలు. దాంట్లోంచి జారిపోయేది బిడ్డకు ఇవ్వవద్దు. ఏదైనా ఇరుక్కుని దగ్గు రాక, ఊపిరాడకపోతే, ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి రెండు రెక్కల ఎముకల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. 108కి ఫోన్ చేయించాలి. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలకకూడదు.

గురువింద గింజలూ ఆముదం గింజలూ చూడముచ్చటగా ఉంటాయి, రెండూ ప్రాణాంతక విషాలు. తాంబూలపు సున్నం కంట్లో పడితే కాలుస్తుంది. దుకాణంలో అమ్మే రాతి ముగ్గుపిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డ ఆటకు బియ్యప్పిండి ముగ్గే మేలు. రంగు కావాలంటే బీట్‌రూట్ రసం, ఆకుకూర రసం, ఇంట్లో కొమ్ములు కొట్టించిన పసుపు వాడాలి. విడిగా అమ్మే పసుపులో సీసం కలిసిన రంగు కలిపిన ఉదంతాలు ఉపఖండంలో బయటపడ్డాయి. ఉప్పు దండిగా కలిపే ఆటపిండిని బిడ్డ తింటే ఒంట్లో ఉప్పు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. నీళ్లలో ఉబ్బే జెల్లీ పూసలు మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. 2023 డిసెంబరులో అమెరికాలో పెద్ద అమ్మకందార్లు వాటిని పిల్లల ఆటవస్తువులుగా అమ్మడం మానుకున్నారు. నీళ్ల ఆటలో రెండంగుళాల నీళ్లున్నా బిడ్డను వదిలి లేవకూడదు. ఆట అయిన వెంటనే బేసిన్ బోర్లించాలి.

మట్టితో ఆడాక చేతులు సబ్బుతో కడగాలి. నులిపురుగుల నివారణ దినాల్లో అంగన్‌వాడీలో ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు అర అల్బెండజోల్ మాత్ర ఇస్తారు, అది తప్పించకూడదు. ఆడుతూ రుచి చూడటం వేరు, రోజూ వెతుక్కుని మన్ను తినడం వేరు. రెండోది రక్తహీనతకు గుర్తు కావచ్చు. తిట్టకుండా రక్తపరీక్ష చేయించాలి.

ముట్టుకోనని ఏడ్చే బిడ్డ

కొందరు పిల్లలు జిగట పదార్థం తాకగానే చెయ్యి విదిలిస్తారు, గడ్డి మీద కాలు పెట్టరు. బలవంతాన చెయ్యి పట్టి ముద్దలో పెడితే భయం ముదురుతుంది. పొడి నుంచి తడికి, తడి నుంచి జిగటకు మెల్లగా తీసుకెళ్లాలి. ముందు చెంచాతో, తరవాత వేలి కొసతో, ఆ తరవాత అరచేత్తో. పక్కన అన్నో అక్కో ఆడుతుంటే చూడనివ్వాలి, తుడుచుకోవడానికి తడిగుడ్డ దగ్గరే ఉంచాలి. చాలామంది పిల్లలు కొన్నాళ్లకు దీన్ని దాటేస్తారు. కానీ తిండిలో రెండు మూడు రకాలు తప్ప ముట్టకపోవడం, పిలిస్తే తిరక్కపోవడం, మాట రాకపోవడం లేదా వచ్చిన మాట పోవడం దీనికి తోడైతే ఇంటి ఆటలతో కాలం గడపవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందానికి చూపించి, జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లాలి.

తీరిక ఎవరికుంది

ఇన్ని చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. పొద్దున్నే కూలికి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, గుడి దగ్గర పూల అంగడికి వెళ్లే తల్లికి ట్రే అమర్చి కూర్చునే తీరిక లేదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, స్పర్శ ఆట పనికి అదనంగా ఉండకూడదు, పనిలోనే ఉండాలి. ఆకుకూర కడిగేటప్పుడు గిన్నె పక్కన బిడ్డకు ఒక కాడ, బట్టలు మడతపెట్టేటప్పుడు ఒక తువ్వాలు, సంగటి వడ్డించేటప్పుడు చల్లారిన చిన్న ముద్ద. పొయ్యికీ కత్తిపీటకూ దూరంగా ఒక పీట వేస్తే చాలు. ఇంట్లో అవ్వ, జేజి ఉంటే వాళ్లకు బిడ్డను ‘చూసుకోవడం’ కన్నా బిడ్డతో ‘పని చేయించడం’ ఎంతో తేలికని తెలుసు. ఫోను చేతికిస్తే బిడ్డ కదలకుండా ఉంటుందన్నది నిజమే. కానీ రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఏ బొమ్మ మీద వేలు పెట్టినా గాజు నునుపు తప్ప బిడ్డ వేలికి అందేదేమీ లేదు.

ప్రభుత్వ వ్యవస్థలో ఇక్కడొక ఖాళీ ఉంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల్లో బడి ముందు చదువు మూడేళ్లు దాటినవాళ్లకు. ఆరు నెలల నుంచి మూడేళ్ల బిడ్డకు అంగన్‌వాడీ నుంచి ముఖ్యంగా దక్కేది ఇంటికి తీసుకెళ్లే పౌష్టికాహారం. 2024లో కేంద్రం విడుదల చేసిన ‘నవ్‌చేతన’ చట్రం ఈ వయసు కోసమే. పుట్టిన నాటి నుంచి 36 నెలల దాకా నెలవారీగా చేయించదగ్గ పనులు అందులో ఉన్నాయి. దాన్ని హైదరాబాదు, అమరావతి శిక్షణ తరగతుల్లో ఆపకుండా ఈ జిల్లా మాటల్లోకి, ఈ జిల్లా వస్తువుల్లోకి దించాలి. పనిచోట సంగతీ ఉంది. ఐదుగురు లేదా అంతకు మించి ఆరేళ్లలోపు పిల్లలు తల్లులతో పనికి వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను నియమించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. నీడా నీళ్లతోపాటు ఆ మహిళ చేతిలో ఒక కుట్టిన గుడ్డ పటం, నాలుగు చిప్పలు, రెండు సంచులు ఉంటే ఆ చోటు బడి అవుతుంది.

చేయదగ్గవి

ఈ సమీక్ష నుంచి నేను అడిగేవి మూడు. అంగన్‌వాడీ తల్లుల సమావేశంలో ఉపన్యాసం బదులు ఒక అవ్వ బొంత కుట్టినట్టు స్పర్శ పటం కుట్టి చూపాలి, ఒక తల్లి ఉండ్రాళ్ల పిండి బిడ్డకు ఎలా ఇస్తుందో చేసి చూపాలి. ప్రతి అంగన్‌వాడీ గోడ మీద ఇవ్వకూడని వాటి బొమ్మల పట్టీ ఉండాలి: చెనిక్కాయ గింజ, గురువింద, ఆముదం, గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, సున్నం, జెల్లీ పూసలు. చదువురాని అవ్వకూ అర్థమయ్యేలా అవి బొమ్మలుగానే ఉండాలి. మూడోది కాణిపాకం దేవస్థానానికి. బ్రహ్మోత్సవాల 21 రోజులూ క్యూలో గంటల తరబడి చంకలో బిడ్డతో నిలబడే తల్లుల కోసం నీడపట్టున ఒక మూల కేటాయించి, శుభ్రం చేసిన బంకమన్ను, కడిగిన ఆకులు, చేతులు కడిగే కొళాయి, చూసుకునే ఇద్దరు మనుషులను పెట్టాలి. వేలమంది తల్లిదండ్రులకు ఒక్కచోట ఈ పాఠం అందే వీలు జిల్లాలో మరెక్కడా లేదు.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కింగ్‌స్టన్‌లోనైనా నల్లగొండలోనైనా పిల్లలను ముందుకు తెచ్చింది ఖరీదైన వస్తువు కాదు, ఆ పిల్లల కోసం ఇంటి గడప దాకా నడిచొచ్చిన మనుషులు. వస్తువులు మన ఇళ్లలో ముందే ఉన్నాయి. నడవాల్సింది మనం, పీట వేయాల్సింది మనం. ఈ ఏడాది రెండేళ్లు దాటిన బిడ్డ ఇంకో ఏడాదికి ఈ వయసు దాటిపోతుంది కాబట్టి, ఈ పని వచ్చే బడ్జెట్ దాకా ఆగదగ్గది కాదు.